టీచరమ్మ అడిగిన భూగోళం

రాయచోటి,
23 జూన్ 2025

చిరంజీవి శివజ్యోతికి అత్త హేమావతి ఆశీస్సులు.

నువ్వు నాలుగుసార్లు ఫోన్ చేశావు. నాలుగుసార్లూ నేను ఎత్తలేదు. కోపమేమీ లేదు తల్లీ, గొంతు లేదు. ఇరవై ఆరేళ్లు పిల్లల మీద అరిచిన గొంతు కదా, లోపల చిన్న బొడిపె లేచిందట. ఈ నెల తొమ్మిదిన కడపలో ఆపరేషన్ చేసి తీసేశారు. ఆరు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నారు. గుసగుసలాడినా ఒప్పుకోరట. ముందే చెబితే మీ నాయన కర్నూలు నుంచి ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకొని దిగుతాడని, అంతా అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు.

ఫోన్లో టైపు చేసి పంపొచ్చు కదా అంటావు. ఆ ముచ్చటా తీరింది. మా హెడ్మాస్టరు చిన్న ఈరన్న గారికి "గొంతు ఆపరేషన్" అని రాయబోతే "గంతలు ఆపరేషన్" అని పోయింది. పాపం, ఆయన కంటి ఆపరేషన్ అనుకొని నల్లద్దాలు కొనుక్కొచ్చారు. అప్పటినుంచి కాగితమే నయమనుకున్నాను. నువ్వూ కాగితం మీదే రాయి. ఫోన్లో వచ్చే ముక్కలు చదివితే సగం అన్నం తిన్నట్టుంటుంది.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చోవచ్చు. కానీ బడిలో సోషల్ చెప్పేది నేనొక్కదాన్నే. అందుకని పోతున్నాను. బోర్డు మీద రాస్తాను, వేలితో చూపిస్తాను. ఏడో తరగతి పిల్లలు నేను మాట్లాడనని తెలిసి వాళ్లూ సైగలే చేస్తున్నారు. బడి మొత్తం మీద నిశ్శబ్దంగా ఉండే గది ఇప్పుడు మాదే.

సంగతి ఏమంటే, వచ్చే నెల భూగోళం పాఠాలు మొదలవుతాయి. బడిలో ఉన్న గ్లోబు ఎప్పుడో కిందపడి ఆఫ్రికా దగ్గర సొట్టపోయింది. తిప్పితే అక్కడికొచ్చి ఆగిపోతుంది. గదిలో గోడకు వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఉంది. నువ్వు కంప్యూటర్లో పటాలు గీసే ఆఫీసులోనే కదా పనిచేసేది? నాకు తిరిగే భూగోళం ఒకటి చేసిపెట్టు. నేను మాట్లాడకుండానే అది పాఠం చెప్పాలి. తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉంటే ఇరవై ముగ్గురి ఇళ్లలో ఎవరో ఒకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్నారు. ఆ ఊళ్లు ఏ దిక్కున ఉన్నాయంటే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. బస్సెక్కితే కడప తరువాత కువైట్ వస్తుందనుకునేవాళ్లు కూడా ఉన్నారు.

జవాబు రాయి.

మాట రాని నీ అత్త,
హేమావతి


కల్లూరు, కర్నూలు,
28 జూన్ 2025

అత్తా,

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చాను, నల్లద్దాల దగ్గరికి వచ్చేసరికి నవ్వాను. షేర్ ఆటోలో చదువుతుంటే పక్కనామె "ఏం పాపా, మంచి కబురా చెడ్డ కబురా?" అని అడిగింది. రెండూ అని చెప్పాను. ప్రొద్దుటూరు సంబంధం నేను వద్దన్నానని నీకు కోపం వచ్చి ఫోన్ ఎత్తడం లేదనుకున్నాను. వారం రోజులు మనసు మనసులో లేదు.

భూగోళం తప్పకుండా చేస్తాను. ఎందుకో తెలుసా? మా ఆఫీసులో నేను గీసేవి పటాలు కావు, గీతలు. కొత్త వెంచర్ల ప్లాట్లు, వాటి హద్దులు, మళ్లీ ప్లాట్లు. రెండేళ్లుగా నలభై అడుగుల రోడ్డు కంటే వెడల్పైనదేదీ గీయలేదు. నువ్వు ఏకంగా భూమిని అడిగావు.

అనుకున్నంత సులభం మాత్రం కాదు. ఉడుకు సంగటి ముద్ద మీద విస్తరాకు కప్పి చూడు. ఎంత ఒత్తినా ఎక్కడో ముడత పడుతుంది, లేదా చినుగుతుంది. గుండ్రటిదానికీ బల్లపరుపుదానికీ పొసగదు. పటాలు గీసేవాళ్లకు తరతరాలుగా ఇదే తిప్పలు. గుండ్రని భూమిని చదును చెయ్యడానికి వాళ్లు కనిపెట్టిన ఒక్కో ఉపాయాన్నీ ఒక్కో ప్రొజెక్షన్ అంటారు. ఒకదాంట్లో ఆకారం సరిగ్గా వస్తే వైశాల్యం పాడవుతుంది, వైశాల్యం కుదిరితే ఆకారం సాగిపోతుంది.

ముందు తీరరేఖలు, దేశాల సరిహద్దులు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి ఒక పటం చేశాను. లింకు నీ ఫోన్‌కు పంపాను. తెర మీద తెరిచి చూసి చెప్పు. గొంతు జాగ్రత్త.

నీ మేనకోడలు,
శివజ్యోతి


రాయచోటి,
5 జూలై 2025

జ్యోతీ,

ఏ ప్రొద్దుటూరు సంబంధం? నాకెవరూ చెప్పలేదే! ఇంట్లో ఆడపిల్లకు సంబంధం వచ్చి పోతే మేనత్తకు కబురు లేదా? మా అన్నకు నిన్ననే ఘాటుగా ఒక ఉత్తరం రాసిపడేశాను. మాట్లాడలేను కానీ రాయగలను కదా.

ఇక నీ పటం. నేను బంతి అడిగితే నువ్వు చాప పంపావు. పిల్లలు వేళ్లు పెట్టి అటూ ఇటూ లాగారు. చాప అటూ ఇటూ జరిగింది తప్ప తిరగలేదు. పైగా ఒకడు గ్రీన్‌లాండ్‌ను చూసి, "టీచర్, ఇది మన దేశం కన్నా శానా పెద్దది. ఈడ ఎంతమంది ఉంటారో!" అన్నాడు. మన దేశమే దానికి ఒకటిన్నర రెట్లని బోర్డు మీద రాశాను. వాడు ఒకసారి బోర్డు వైపు, ఒకసారి తెర వైపు చూసి తెరనే నమ్మాడు. ఇరవై ఆరేళ్ల సర్వీసు నీ చాప ముందు ఎందుకూ పనికిరాలేదు.

ధ్రువాల దగ్గర సాగుతుందని నాకు తెలుసు. పిల్లలకు చెప్పడానికి నోరు లేదు. కాబట్టి గుండ్రంగానే కావాలి.

బెండకాయలు పంపుదామంటే పోస్టులో వాడిపోతాయి. ఈసారికి ఆశీస్సులతో సరిపెట్టుకో.

హేమావతత్త


కల్లూరు,
10 జూలై 2025

అత్తా,

నీ ఉత్తరం నాయనకు చేరింది. చేరిన మరుక్షణం నాకు ఫోన్ వచ్చింది. "ఏమ్మా, అత్తకు ఏమేం ఎక్కించినావు? నేను చెప్దామనే ఉంటిని గదా, ఇంతలోనే చాడీలా?" అని. నేనేమీ ఎక్కించలేదంటే నమ్మడే! నీతో రాజీ కుదుర్చుకోవడానికి ఈ నెలలో రాయచోటి వస్తానంటున్నాడు. నీకు ముందే చెబుతున్నాను, పలక దగ్గర పెట్టుకో.

చాప పోయింది, బంతి వచ్చింది. చందమామను చూసినట్టే భూమిని ఎంతో దూరం నుంచి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా గీసే ప్రొజెక్షన్ ఒకటుంది. దాన్ని ఆర్థోగ్రాఫిక్ అంటారు. ముందు సగమే కనిపించాలి, వెనక సగం దాక్కోవాలి. మొదటిరోజు నాకది దాక్కోలేదు. హిందూ మహాసముద్రంలోంచి అమెరికా గాజులో కనిపించినట్టు కనిపించింది. అంచు దాటిన గీతలన్నీ కత్తిరించమని ప్రోగ్రాములో రాస్తే అప్పుడు కుదిరింది. వేలు పెట్టి లాగితే, ఎంత లాగావో లెక్కగట్టి భూమిని అంత తిప్పి, మొత్తం పటాన్ని మళ్లీ గీస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు గీస్తుంది. అందుకే నిజంగా తిరుగుతున్నట్టు ఉంటుంది. తిరిగిన మొదటిసారి నేను ఆఫీసులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు నీ పని ఒకటుంది. పిల్లల చేత వాళ్లవాళ్లు ఉన్న ఊళ్ల జాబితా రాయించు, మన రాయచోటి, కర్నూలు కూడా కలిపి. ఊరి పేరు, దాని అక్షాంశం, రేఖాంశం. అట్లాసులో వాళ్లే వెతకాలి. ఆ ఊళ్లన్నీ చుక్కలుగా పెడతాను. పేరు తాకితే భూగోళం తిరిగి ఆ ఊరు ముందుకొచ్చి నిలబడుతుంది. జాబితా ఫొటో తీసి ఫోన్లో పంపితే తొందరగా అవుతుంది. ఆ ఒక్కటీ కాగితం మీద కాకపోయినా క్షమించు.

శివజ్యోతి


రాయచోటి,
19 జూలై 2025

జ్యోతీ,

జాబితా పంపిన రెండోరోజే నువ్వు చుక్కలు పెట్టేశావు. పిల్లలు పొంగిపోయారు. సరిగ్గా గురువారం, పై ఆఫీసు నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చారు. చిన్న ఈరన్న గారు గర్వంగా ఆయన్ను మా గదికే తీసుకొచ్చారు. లక్ష్మీప్రియ అనే పిల్ల తెర దగ్గరికి వెళ్లి "రాయచోటి" అన్న పేరు తాకింది.

భూగోళం చక్కగా తిరిగింది. భారతదేశం కిందికి జారిపోయింది. రష్యా వచ్చింది, పోయింది. చివరికి నార్వేకు కూడా పైన, ధ్రువానికి దగ్గర్లో ఒక మంచుదీవి మీద చుక్క వెలిగింది. పక్కన "రాయచోటి" అని తెలుగులో స్పష్టంగా ఉంది. కర్నూలు కూడా అక్కడే ఉంది, పక్కవీధిలో ఉన్నంత దగ్గరగా. కువైటేమో నల్లసముద్రం పైన పొలాల్లో పడింది.

వెంటనే ఒకడు లేచి, "సార్, మన ఊరు మంచులో ఉండాది సార్! మరి ఈ ఎండ యాడ నుంచి వస్తాంది సార్?" అన్నాడు. ఇంకొకడు అక్కడ తెల్ల ఎలుగుబంట్లు ఉంటాయని చెప్పాడు. ఇక ఆ గదిని పట్టలేకపోయాం. నేనూ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వాను. నవ్వకూడదని కూడా డాక్టరు చెప్పాడు.

ఆ గోలలో నా నోట్లోంచి ఒక మాట జారింది. అంతే, గొంతు మంట. మళ్లీ కడప పోయి చూపించుకున్నాను. ఇంకో మూడు వారాలు మౌనం పెంచారు. కంగారుపడాల్సిందేమీ లేదు. మన ఊరిని మాత్రం వెనక్కి తెచ్చిపెట్టు తల్లీ.

అత్త


కల్లూరు,
24 జూలై 2025

అత్తా,

తప్పు నాది. బడిలో మీరు అక్షాంశం ముందు, రేఖాంశం తరువాత రాస్తారు. జాబితాలో పిల్లలు అట్లాగే, ఒక్క తప్పూ లేకుండా రాశారు. ఈ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రేఖాంశం ముందు ఇవ్వాలి. నేను చూసుకోకుండా ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. దాంతో పద్నాలుగో అక్షాంశం మీద ఉన్న రాయచోటి డెబ్బై ఎనిమిదికి ఎక్కిపోయింది. తిరగేసి సరిచేశాను. జాబితాలోని ఊళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా తాకి చూశాను. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి.

అది సరే. నువ్వు నాకు రాయని సంగతి ఒకటుంది. ఆదివారం నాయన నీ దగ్గరికి వచ్చాడు కదా? బల్ల మీద ఒక అర్జీ చూశాడట. "నాకు గొంతు సమస్య ఉన్నందున బోధన నుంచి తప్పించి కార్యాలయంలో పని ఇవ్వవలసిందిగా" అని నీ చేతిరాతే. ఆ అధికారి పిల్లల ముందు నిన్ను ఏమన్నాడో హెడ్మాస్టరు గారు నాయనకు చెప్పారట. "మాట రాని టీచరు, దారి తప్పిన పటం. ఈ క్లాసు ఎట్ల నడుస్తాదమ్మా?" అన్నాడట. ఆఫీసు పనికి నువ్వే అడిగితే సిఫారసు చేస్తానన్నాడట. అప్పుడు నీ నోట్లోంచి జారిన మాట "లేదు సార్" అనట.

నవ్వించే ముక్కలు నాకు రాసి, ఏడిపించేవి దాచుకున్నావు. నేను రెండు అంకెలు అటూ ఇటూ పెట్టినందుకు నువ్వు ఇరవై ఆరేళ్ల పని వదిలేస్తావా? నాకు పటాలంటే ఇష్టం పుట్టింది నీ వల్లే. ఏడేళ్లప్పుడు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర నిలబెట్టి ఉత్తర దిక్కు ఎటో చూపించమన్నావు. తప్పు చూపిస్తే కొట్టలేదు. నీడ ఎటు పడిందో చూడమన్నావు.

ఆ కాగితం ఇవ్వొద్దు అత్తా. ఇచ్చేసి ఉంటే వెనక్కి తీసుకో.

నీ జ్యోతి


రాయచోటి,
1 ఆగస్టు 2025

అమ్మా జ్యోతీ,

నీ ఉత్తరం బీరువాలో పెట్టుకున్నాను. అర్జీ ఇంకా ఇవ్వలేదు. చింపనూ లేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆయన అన్నదాంట్లో సగం నాకూ నిజమే అనిపించింది. గొంతు తిరిగి వచ్చినా పాతదిలా ఉండదని డాక్టరు అన్నాడు. పాఠం చెప్పలేని మనిషి పిల్లల ముందు ఎందుకు నిలబడాలి?

మీ నాయన వచ్చినరోజు సంబంధం గురించి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను: "పిల్లకు నచ్చలేదంటే నచ్చలేదు." చదివి, పలక తిరగేసి వెనకవైపు "సరే" అని రాశాడు. నాకు మాట రాదు, ఆయనకేమయిందో! ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గొడవ అక్కడితో సరి.

భూగోళం సరిగ్గా ఉంది. ఇప్పుడు పిల్లలు నన్ను అడగడం మానేసి తెర దగ్గర కొట్లాడుకుంటున్నారు. రాయచోటి నుంచి కువైట్‌కు నువ్వు కొత్తగా గీసిన గీత పొడవు సుమారు మూడువేల ఆరువందల కిలోమీటర్లని చూసి, కడప తరువాత ఎన్ని బస్సులు మారాలో లెక్కగట్టారు. మధ్యలో సముద్రం చూసి ఆగిపోయారు.

ఒక సంగతి మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. లక్ష్మీప్రియ గురించి రాశాను కదా. ఆ పిల్ల అమ్మ గురమ్మ మూడేళ్లుగా కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తోంది. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. అందరూ తమవాళ్ల చుక్కలు తాకుతుంటే ఈ పిల్ల కువైట్‌ను మాత్రం తాకదు. ఎందుకని కాగితం మీద రాసి అడిగాను. "మా యమ్మ అబద్దాలు చెప్తాది టీచర్. ఈడ చీకటి పడినాక ఫోన్ చేస్తే, ఇంకా ఎండగా ఉండాది, పని కాలేదు, మళ్ల మాట్లాడతా అంటాది. చీకట్లో ఎండ యాడ ఉంటాది? నాతో మాట్లాడడం ఇష్టం లేక అట్ల చెప్తాది" అంది. నెల రోజులుగా అమ్మ ఫోన్ చేసినా ఎత్తడం లేదట.

అక్కడ టైము రెండున్నర గంటలు వెనక అని రాసి చూపించాను. తలూపింది. నమ్మలేదు. అంకె నమ్మకం పుట్టించదు కదా. గొంతు ఉంటే పక్కన కూర్చోబెట్టుకొని అరగంట చెప్పేదాన్ని.

నీ భూగోళం మీద పగలూ రాత్రీ చూపించగలవా?

అత్త


కల్లూరు,
7 ఆగస్టు 2025

అత్తా,

చూపించగలను. చూపించాను.

సూర్యుడు ఏ క్షణాన భూమ్మీద ఏ చోటికి నేరుగా నడినెత్తిన ఉంటాడో తేదీనీ గంటనూ బట్టి లెక్కగట్టవచ్చు. ఆ చోటికి సరిగ్గా వెనకవైపున ఉన్న సగం భూమి మీద నల్లటి నీడ పరిచాను. అంచు మరీ కత్తితో కోసినట్టు ఉంటే బాగా లేదని, సంధ్యవేళలా కాస్త మెల్లగా చీకటయ్యేట్టు చేశాను. కింద ఒక పట్టీ పెట్టాను. వేలితో జరిపితే గంటలు మారతాయి, నీడ జరుగుతుంది. ఏ ఊరు తాకినా అక్కడి టైము కనిపిస్తుంది. ఈసారి తప్పు ఉండకూడదని నిన్న కల్లూరులో డాబా ఎక్కి సూర్యుడు ఎప్పుడు మునిగాడో గడియారంలో చూసి పోల్చుకున్నాను. రెండు నిమిషాల తేడా వచ్చింది. ఆ రెండూ నాకు వదిలెయ్.

ఇంకో సంగతి. మా ఓనరు కంబన్న సార్ నేను ఈ పని చేస్తుండగా వెనక నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. "ఇదేందమ్మా, మన వెంచరు యాడుండాది దీంట్లో?" అన్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను. విషయం చెప్పాను. కుర్చీ లాక్కొని కూర్చొని ముప్పావుగంట భూమిని తిప్పాడు. వాళ్ల తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడట. పోతూ పోతూ, "మిగిలిన బళ్లకు కూడా ఇట్లాటిది చేస్తే బాగుంటాది గదా, శనివారాలు నువ్వు ఇదే చెయ్" అన్నాడు. రెండేళ్లలో ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నిజానికి వచ్చే నెల మానేద్దామనుకున్నాను అత్తా. నేనూ దాచాను, నువ్వూ దాచావు. ఇద్దరికీ చెల్లు.

లక్ష్మీప్రియ సంగతి వెంటనే రాయి.

నీ జ్యోతి


రాయచోటి,
18 ఆగస్టు 2025

చిరంజీవి శివజ్యోతికి,

పదకొండున కడప పోయాను. డాక్టరు నోట్లో గొట్టం పెట్టి చూసి, "ఏదైనా ఒక మాట చెప్పండమ్మా" అన్నాడు. ఏం చెప్పాలో తోచక "అక్షాంశం" అన్నాను. బొంగురుగా, ఎవరో మగమనిషి పక్కగదిలోంచి పలికినట్టు వచ్చింది. రోజుకు పది నిమిషాలు మాట్లాడవచ్చట. నెలలు గడిచేకొద్దీ పెంచుకోవాలి. అరవడం మాత్రం జన్మలో ఇక లేదు. నాకు అది బాధగా అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు.

ఎందుకో చెబుతాను. పదమూడున ఆ అధికారి మళ్లీ వచ్చారు. నేను లేచి ముందుకు వెళ్లబోతే ఏడో తరగతి నన్ను కూర్చోమంది. నిజంగానే, చేతులతో సైగ చేసి వెనకబెంచీలో కూర్చోబెట్టారు. పాఠం వాళ్లే చెప్పారు. ఆరోజు ఊరు మంచులోకి ఎందుకు పోయిందో కూడా వాళ్లే చెప్పారు. అక్షాంశం, రేఖాంశం తిరగబడితే ఏమవుతుందో ఆయన చేతే అంకెలు మార్పించి చూపించారు. ఆయన తన సొంతూరు ఆలూరును మంచులోకి పంపి, మళ్లీ ఆయనే వెనక్కి తెచ్చుకున్నారు. పోయేముందు నా దగ్గరికొచ్చి, "ఆ కాగితం సంగతి మర్చిపోండమ్మా" అన్నారు. నేను నా పది నిమిషాల్లోంచి ఒక్క మాట తీసి "సరే సార్" అన్నాను. ఇంటికొచ్చి అర్జీ చింపాను.

కానీ నీకు రాయాలనుకున్న అసలు సంగతి అది కాదు.

లక్ష్మీప్రియ ఆరోజు పాఠంలో నోరు తెరవలేదు. సాయంత్రం బడి వదిలాక అందరూ వెళ్లిపోయారు. ఆ పిల్ల మాత్రం తెర ముందు నిలబడి పట్టీ జరుపుతోంది. ఏడుగంటలకు పెట్టింది. రాయచోటి నల్లగా అయింది. కువైట్‌ను తాకింది. నాలుగున్నర. చుక్క చుట్టూ తెల్లగా, ఎండ. మళ్లీ వెనక్కి జరిపింది, మళ్లీ ఏడుకు తెచ్చింది. ఎనిమిదికి, తొమ్మిదికి పెట్టి చూసింది. అట్లా ఎన్నిసార్లు చేసిందో లెక్కపెట్టలేదు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. మాట్లాడటానికి ఇంకా కొన్ని నిమిషాలు మిగిలే ఉన్నాయి. కానీ ఏమీ చెప్పాలనిపించలేదు.

కాసేపటికి నా వైపు తిరిగి ఫోన్ ఇస్తారా అని అడిగింది. ఇచ్చాను. నంబరు దానికి నోటికి వచ్చు. అటువైపు గురమ్మ "ఎవరూ?" అంది. పిల్ల తెర మీద ఆ తెల్లటి చోటునే చూస్తూ అంది:

"మ్మా, నేను. ఆడ ఇంకా శానా ఎండ ఉండాది గదా. నీడకు పోయి మాట్లాడు."

నీ అత్త,
హేమావతి